5 దగ్గర ఆగిపోయింది

మొన్న శుక్రవారం రాత్రి పదిన్నరకి మా చెల్లెలు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. సొంత చెల్లెలు కాదు, మా బాబాయి కూతురు. ఇంజినీరింగ్ ఫస్టియర్. ఫొటోలో ల్యాప్‌టాప్ స్క్రీన్. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు: 1 2 3 4. పక్కన కర్సర్. అంతే, ఇంకేం లేదు.

కింద మెసేజ్: "అన్నయ్యా, 5 దగ్గర ఆగిపోయింది. అరగంట నుంచి ఇంతే. నాకీ కోడింగ్ రాదు. బ్రాంచి మార్పించుకుంటా. నాన్నకి నువ్వే చెప్పు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. ఎందుకంటే ఇదే ప్రోగ్రామ్, ఇదే 5 దగ్గర, పదేళ్ళ కిందట నాకూ ఆగిపోయింది. అప్పుడు నాకు ఫోన్ చేసి అడగడానికి ఎవరూ లేరు.

ఆ రాత్రి దానికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. దానికి చెప్పనిది కూడా ఒకటి ఉంది. అదీ రాస్తాను.

ల్యాబ్‌లో ఆ పది నిమిషాలు

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. గుంటూరు దగ్గర పల్లెటూరు. మా నాన్న జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసే పని చేసేవాడు. ఇంజినీరింగ్‌లో చేరేదాకా నేను కంప్యూటర్‌ని ముట్టుకున్నది రెండు మూడుసార్లే, అదీ నెట్ సెంటర్లో హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి.

ఫస్టియర్ సి ల్యాబ్ ఎక్స్‌టర్నల్. చీటీ తీస్తే వచ్చిన ప్రశ్న: 1 నుంచి 10 దాకా అంకెలు ప్రింట్ చెయ్యి, 5 మాత్రం రాకూడదు. ఇంత తేలిక ప్రశ్న వచ్చినందుకు లోపల గంతులేశాను. వైల్ లూపు రాశాను. కంటిన్యూ పెట్టాను. రన్ కొట్టాను.

1 2 3 4.

ఆగిపోయింది. ఎంటర్ కొట్టాను. కదల్లేదు. ఇంకా నాలుగుసార్లు కొట్టాను. చెమటలు పట్టాయి. కంప్యూటర్ పాడుచేశానేమో, డబ్బులు కట్టమంటారేమో అని భయం. నిజంగా ఆ భయమే ముందు వచ్చింది, మార్కుల భయం తర్వాత. కంట్రోల్ మీట పట్టుకుని సి కొడితే ప్రోగ్రామ్ ఆగిపోతుందని తెలీదు. ఎక్స్‌టర్నల్ సార్ నా వెనకాలే నిలబడి చూసి, "లూపే రాకపోతే ఇంజినీరింగ్ ఎందుకు బాబూ?" అని ముందుకెళ్ళిపోయారు. అందులో తప్పేంటో మాత్రం ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. పాస్ మార్కులు వేశారు, బయటపడ్డాను.

అందుకే చెల్లి మెసేజ్ చూడగానే వీడియో కాల్ చేశాను. చెప్పిన మొదటి మాట: "ముందు కంట్రోల్, సి కొట్టు. ఏం పాడవ్వదు."

కొట్టింది. ఆగింది. "హమ్మయ్య" అంది. సగం భయం అక్కడే పోయింది దానికి.

నాయనమ్మ చేట

"అసలు బ్రేక్, కంటిన్యూ రెండిటికీ తేడా ఏంటన్నయ్యా? రెండూ ఆపడమేగా?" అంది.

కాదు. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. నాయనమ్మ మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది. మా ఇద్దరికీ అది కళ్ళ ముందు ఉన్న సీనే.

"నాయనమ్మ బియ్యం ఏరుతోంది. వేలితో ఒక్కొక్కటే జరుపుతోంది. అది లూపు. రాయి తగిలింది. ఏం చేస్తుంది?"

"తీసి అవతల పారేస్తుంది."

"ఏరడం ఆపేసి లేచి వెళ్ళిపోతుందా?"

"ఎందుకు పోద్ది? తర్వాత గింజ చూస్తుంది."

"అదే కంటిన్యూ. ఈ ఒక్కదానితో ఇంక పని లేదు, తర్వాతదానికి పద అని అర్థం. ఇప్పుడు నాయనమ్మ ముక్కుపుడక చేటలో పడిపోయిందనుకో. గింజ గింజా జరుపుతూ వెతుకుతోంది. దొరికింది. ఇంకా వెతుకుతుందా?"

"వెతకదు. పెట్టేసుకుంటుంది."

"అది బ్రేక్. అనుకున్నది అయిపోయింది, ఇక లూపులో ఉండి చేసేది లేదు, బయటికి పద."

రెండిటికీ చేట ఒకటే, బియ్యం అవే, చెయ్యీ అదే. పని వేరు. ఏరడానికి కూర్చున్నప్పుడు ఒక్క రాయికే లేచిపోతే బువ్వలో రాళ్ళొస్తాయి. ముక్కుపుడక దొరికాక కూడా చేట మొత్తం వెతికితే పొద్దు పోతుంది. కాబట్టి కోడ్ రాసేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నేను ఏరుతున్నానా, వెతుకుతున్నానా?

మరి 5 దగ్గర ఎందుకు ఆగింది?

"సరే, నేను కంటిన్యూనే కదా పెట్టా. మరి ఆగిందేం?" అంది. మంచి ప్రశ్న. అది రాసిన ప్రోగ్రామ్‌ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

ఐ విలువ 1.
ఐ 10 దాటనంత వరకు ఈ కింది పనులు చెయ్యి:
ఒకటి, ఐ గనక 5 అయితే కంటిన్యూ.
రెండు, ఐ ని ప్రింట్ చెయ్యి.
మూడు, ఐ కి 1 కలుపు.

మీరు కూడా ఓసారి వేలు పెట్టి చదవండి. 1, 2, 3, 4 దాకా బాగానే పోతుంది. 5 రాగానే మొదటి లైనులోనే కంటిన్యూ తగులుతుంది. అక్కణ్ణించి మళ్ళీ పైకి. మూడో లైను, అంటే ఒకటి కలిపే లైను దాకా అది రానే రాదు. పైకెళ్ళి చూస్తే ఐ ఇంకా 5. మళ్ళీ కంటిన్యూ. మళ్ళీ పైకి. మళ్ళీ 5. సెకనుకి కోట్లసార్లు అదే తిరుగుడు. బయటికి చూసేవాళ్ళకి మాత్రం ఆగిపోయినట్టే ఉంటుంది. నిజానికి అది ఆగలేదు, ఆగలేకపోతోంది.

నాయనమ్మ లెక్కలో చెప్పాలంటే, రాయి తీసి అవతల పారేయకుండా, ఉన్నచోటే పెట్టి మళ్ళీ దాన్నే చూడటం.

పరిష్కారం చిన్నదే. కంటిన్యూ అనేముందే ఐ కి 1 కలపాలి. లేదంటే వైల్ బదులు ఫర్ వాడాలి. ఫర్‌లో ఒకటి కలిపే పని పై లైనులోనే రాసేస్తాం కాబట్టి, కంటిన్యూ అన్నా ముందు ఆ కలపడం జరిగాకే తర్వాతి రౌండు మొదలవుతుంది. వైల్‌లో ఆ బాధ్యత మనది.

ఇంకో తమాషా ఉంది. కంటిన్యూ ఉన్నచోట పొరపాటున బ్రేక్ పెట్టినా స్క్రీన్ మీద కనబడేది 1 2 3 4 మాత్రమే! రెండు వేరు వేరు తప్పులు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, బ్రేక్ అయితే ప్రోగ్రామ్ ముగిసిపోయి మళ్ళీ కమాండ్ టైప్ చేసే లైను వస్తుంది. ఆగని లూపయితే కర్సర్ అలా వేలాడుతూనే ఉంటుంది. కాబట్టి "ఆగిపోయింది" అనేముందు చూడాల్సింది, ముగిసిందా, తిరుగుతోందా అని.

పెద్దోళ్ళకీ తప్పలేదు

"ఇంత చిన్నదానికే తప్పు చేస్తే నేనేం ఇంజినీర్నవుతా?" అంది చెల్లి. అప్పుడు జూన్ కథ చెప్పాను.

జూన్ అంటే మైక్రోసాఫ్ట్ అమ్మిన పాటల ప్లేయర్. ఐపాడ్‌కి పోటీగా తెచ్చారు. 2008 డిసెంబర్ 31న, అందులో 30 జీబీ మోడల్ వాడేవాళ్ళ ప్లేయర్లు వరసబెట్టి బిగుసుకుపోయాయి. ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగిపోవడం. వైరస్ కాదు, ఏం కాదు. ఒక వైల్ లూపు.

ఆ ప్లేయర్ లోపల గడియారం 1980 నుంచి గడిచిన రోజుల్ని లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజుల్లోంచి ఇవాళ ఏ సంవత్సరమో తేల్చడానికి ఒక లూపు. రోజులు 365 కంటే ఎక్కువున్నంత వరకు తిరుగు. మామూలు ఏడాదయితే 365 తీసెయ్యి, ఏడాదికి 1 కలుపు. లీపు ఏడాదయితే, రోజులు 366 కంటే ఎక్కువుంటేనే 366 తీసెయ్యి, ఏడాదికి 1 కలుపు.

2008 లీపు సంవత్సరం. డిసెంబర్ 31 అంటే దాని 366వ రోజు. లూపు అడిగింది: 366 అనేది 365 కంటే ఎక్కువా? ఎక్కువే, లోపలికి రా. లీపు ఏడాదా? అవును. 366 కంటే ఎక్కువా? కాదు, సరిగ్గా 366. అయితే ఏం తీసెయ్యొద్దు, ఏం కలపొద్దు. మళ్ళీ పైకి. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే జవాబు.

చూశారా? మా చెల్లి తప్పే. అంకెని మార్చే లైను ఉంది, కానీ ఆ రోజు అక్కడికి దారి లేదు. మిగతా రోజులన్నీ బాగా పనిచేసిన లూపు, లీపు ఏడాది ఆఖరి రోజు ఒక్కదానికి చిక్కుకుపోయింది. అక్కడ ఒక్క బ్రేక్ ఉండుంటే బయటపడేది. మైక్రోసాఫ్ట్ చెప్పిన వైద్యమేంటంటే, బ్యాటరీ అయిపోయేదాకా వదిలేసి, జనవరి 1న గ్రీన్‌విచ్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం దాటాక ఆన్ చేసుకోమని!

"అయితే మనోళ్ళే అన్నమాట" అంది చెల్లి. నవ్వింది, ఆ రాత్రి మొదటిసారి.

ఇఫ్ లోంచా, లూపు లోంచా?

తర్వాత అది అడిగిన డౌటు నాకు ఉద్యోగంలో చేరాక కూడా ఉండేది. "బ్రేక్‌ని ఇఫ్ లోపల రాస్తాం కదా. అది ఇఫ్ లోంచి బయటికొస్తుందా, లూపు లోంచా?"

లూపు లోంచి. సి భాషలో బ్రేక్‌కి ఇఫ్ అనేది లెక్కలోకే రాదు. తనని చుట్టుకుని ఉన్న లూపు ఏదో, స్విచ్ ఏదో చూసుకుంటుంది, అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఆ ఒక్కదాన్నే వదిలి బయటపడుతుంది. లూపులో ఇంకో లూపుంటే లోపలిదాంట్లోంచి మాత్రమే వస్తుంది, బయటిది తిరుగుతూనే ఉంటుంది. బస్సులో సీటు సీటూ చూస్తూ పోయిన బ్యాగు కోసం వెతుకుతున్నారనుకోండి. ఒక వరసలో దొరికింది, బ్రేక్ అన్నారు. ఆ వరస చూడటం ఆగుతుంది గానీ, మనం వేరే చెప్పకపోతే తర్వాతి వరస మొదలవుతుంది.

ఈ ఒక్క డౌటు అమెరికాలో ఒక రోజు గంటల తరబడి ఎన్నో ఫోన్లు కలవకుండా చేసింది. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ కంపెనీ దూరపు కాల్స్ నెట్‌వర్క్ కుప్పకూలింది. 114 పెద్ద ఎక్స్ఛేంజీలు ఒకదాన్నొకటి పడేసుకుంటూ దాదాపు 9 గంటలపాటు సతమతమయ్యాయి. కోట్ల కాల్స్ కలవలేదు. వెతికితే తేలింది ఏంటంటే, అంతకు కొన్ని వారాల ముందు ఎక్కించిన కొత్త సాఫ్ట్‌వేర్‌లో, సి భాషలో రాసిన ప్రోగ్రామ్‌లో, స్విచ్ లోపల ఇఫ్, ఆ ఇఫ్ లోపల ఒక బ్రేక్. అది రాసినవాళ్ళు అనుకున్న చోటికి కాకుండా ఇంకో చోటికి పోయింది. ఒక ఎక్స్ఛేంజి పడి లేచి "నేను బాగున్నా" అని పక్కవాళ్ళకి కబురంపితే, ఆ కబురు అందుకుంటూ వాళ్ళు పడేవాళ్ళు. వాళ్ళు లేచి కబురంపితే ఇంకొకళ్ళు.

"మా సార్ అసలు బ్రేక్ వాడొద్దంటారు. మంచి అలవాటు కాదంట" అంది చెల్లి.

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లో, ప్రోగ్రామ్‌లో ఎక్కణ్ణించి ఎక్కడికైనా గెంతించే గోటూ వద్దే వద్దని ఒక లేఖ రాశాడు. అది పెద్ద చర్చయింది. బ్రేక్, కంటిన్యూ కూడా గెంతులే. కానీ ఎక్కడ దిగుతాయో ముందే ఖాయమైన గెంతులు: ఒకటి లూపు బయటికి, ఇంకోటి తర్వాతి రౌండుకి. వాడొచ్చు. కాకపోతే వాడిన ప్రతిసారీ, ఇది ఎక్కడ దిగుతుంది, మధ్యలో ఏ లైన్లు వదిలేస్తోంది అని చూసుకోవాలి.

నేను వదిలేసిన 315 మంది

ఇక చెల్లికి చెప్పని సంగతి.

హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. షాపుల నుంచి ఇళ్ళకి సరుకులు చేర్చే మనుషులకి ప్రతి శనివారం రాత్రి డబ్బులు వేసే ప్రోగ్రామ్ నా చేతికి వచ్చింది. చూడ్డానికి ఇంతే. జాబితాలో ఒక్కొక్క మనిషిని తీసుకో. ఖాతా వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఉంటే డబ్బులు పంపు. తర్వాతి మనిషికి పో.

రాసేటప్పుడు పరీక్ష చేసుకోడానికని, వివరాలు తప్పుంటే అక్కడే ఆగి చూసుకుందామని బ్రేక్ పెట్టుకున్నాను. పని పూర్తయ్యాక దాన్ని మార్చాలి. మర్చిపోయాను. సీనియర్ చూశారు, ఆయనకీ కనబడలేదు. ఐదు వారాలు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే జాబితాలో ఒక్క తప్పుడు ఖాతా కూడా లేదు.

ఆరో వారం ఒకాయన బ్యాంకు మార్చుకున్నాడు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి కదా, అందులో ఐదోది ఎప్పుడూ సున్నా. ఆయన దాని బదులు ఇంగ్లిష్ అక్షరం ఓ కొట్టాడు. ఫోన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎవరైనా కొడతారు. జాబితాలో ఆయన 97వ మనిషి. మొత్తం 412 మంది. 96 మందికి డబ్బులు పడ్డాయి. 97 దగ్గర బ్రేక్. తర్వాతున్న 315 మందిని నా ప్రోగ్రామ్ చూడనే లేదు.

ఘోరం ఏంటంటే, బ్రేక్ అనేది ఎర్రర్ కాదు. ప్రోగ్రామ్ మర్యాదగా లూపు లోంచి బయటికొచ్చి, చివర్లో నేను రాసిపెట్టిన "పూర్తయింది" అనే మాట కూడా ప్రింట్ చేసి వెళ్ళిపోయింది. నేను ఆ రాత్రి ఫోన్‌లో ఆ మాట చూసుకుని నిద్రపోయాను.

ఆదివారం పొద్దున సపోర్ట్ టీమ్ నుంచి కాల్. అప్పటికి చాలామంది ఫోన్లు చేశారు. వాటిలో ఒక వాయిస్ మెసేజ్ నాకు పంపారు. నడివయసు గొంతు. కోపం లేదు. "సార్, నిన్న పడాల్సినవి పడలేదు. ఎప్పుడు పడతాయో కాస్త చెప్పండి సార్. ఎన్ని రోజులకి అప్పు అడగాల్నో తెలుస్తది."

ఆ మాట విన్నాక కాసేపు ల్యాప్‌టాప్ తెరవలేకపోయాను.

ఎందుకంటే నాకు శనివారాలు తెలుసు. మా నాన్నకి మిల్లులో శనివారం సాయంత్రం కూలి ఇచ్చేవాళ్ళు. మేస్త్రి పుస్తకం పట్టుకుని వరసగా పేర్లు పిలిచేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక శనివారం నాన్న కోసం గేటు దగ్గర నిలబడ్డాను, నాకు జామెట్రీ బాక్సు కొంటానన్నాడని. నాన్నకి ముందు నలుగురో ఐదుగురో ఉన్నారనగా, ఒకాయన లెక్కలో తేడా వచ్చింది. ఆరు రోజులని ఈయన, ఐదు రోజులని మేస్త్రి. మాటా మాటా పెరిగింది. మేస్త్రి పుస్తకం మూసేసి, "లెక్క తేలాకే అందరికీ, సోమవారం రండి" అని లేచి వెళ్ళిపోయాడు. వెనకున్నవాళ్ళందరూ ఖాళీ చేతుల్తో ఇంటికి.

దారిలో నాన్న నాతో అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "ఒకడి లెక్క తేలకపోతే వాణ్ణి పక్కన కూర్చోబెట్టాలి. వెనకున్నోళ్ళు ఏం చేశార్రా?"

పన్నెండేళ్ళ తర్వాత, ఏసీ గదిలో కూర్చుని, అదే పుస్తకం నేను మూసేశాను.

మూడు లైన్లు

వెంటనే ప్రోగ్రామ్ మళ్ళీ రన్ చేసేద్దామని చెయ్యి పోయింది. అదృష్టంకొద్దీ సీనియర్ ఆపారు. మళ్ళీ మొదటినుంచి తిరిగితే ఆ 96 మందికి రెండోసారి డబ్బులు పడతాయి! ఎక్కడ ఆగిందో నా ప్రోగ్రామ్ ఎక్కడా రాసుకోలేదు. బ్యాంకు పంపిన వివరాలు ముందేసుకుని, ఎవరికి పడిందో ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ కూర్చున్నాం. 2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్ ఆదివారాలూ, సెలవులూ కూడా పనిచేస్తోంది కాబట్టి బతికిపోయాం. మధ్యాహ్నం రెండున్నరకి మిగతావాళ్ళందరికీ పంపాం. ఆ 97వ మనిషికి ఫోన్ చేసి, సున్నా సంగతి చెప్పి, సాయంత్రానికి ఆయనకీ వేశాం. "నా వల్లేనా సార్ అందరికీ ఆగింది?" అని ఆయన అడిగాడు. కాదండీ, నా వల్ల అన్నాను.

ఆ రాత్రి లూపు తిరగరాశాను. కొత్తగా చేరినవి మూడే మూడు మాటలు.

ఒకటి: ఈ మనిషికి ఈ వారం ఇప్పటికే పడిందా? పడితే కంటిన్యూ. దీంతో ఎన్నిసార్లు రన్ చేసినా ఎవరికీ రెండుసార్లు పోదు.

రెండు: ఖాతా వివరాల్లో తప్పుందా? ఉంటే ఆ పేరు ఒక జాబితాలో రాసిపెట్టు, తర్వాత కంటిన్యూ. ఆ రాసిపెట్టడం చాలా ముఖ్యం. ఊరికే కంటిన్యూ అంటే మిగతా అందరికీ డబ్బులు పడతాయి, కానీ ఆ ఒక్క మనిషి సంగతి ఎవరికీ తెలీకుండా పోతుంది. పక్కన కూర్చోబెట్టాలని నాన్న అన్నాడు గానీ, గేటు బయటికి తోసెయ్యమనలేదు కదా.

మూడు: కంపెనీ ఖాతాలో డబ్బులు అయిపోయాయా, బ్యాంకు సర్వరే పనిచేయట్లేదా? అప్పుడు మాత్రం బ్రేక్. ఎందుకంటే ఇక తర్వాత ఎవరిని పిలిచినా ఇవ్వడానికి ఏమీ లేదు. ఆగి, పెద్దవాళ్ళని లేపాలి. అందుకే "పూర్తయింది" అనే మాట తీసేసి, ఎంతమందికి పడింది, ఎంతమంది పక్కన ఉన్నారు, ఎంతమంది మిగిలారు అనే మూడు అంకెలు ప్రింట్ చేయించాను. మూడూ కలిపితే మొత్తం రావాలి. రాకపోతే నా ఫోన్ మోగుతుంది.

పుస్తకాల్లో బ్రేక్ గురించి, కంటిన్యూ గురించి ఒక్కో పేరా ఉంటుంది, చెరొక ఉదాహరణతో. ఆ రెండిటి మధ్య తేడా సింటాక్స్‌ది కాదని నాకు ఆ ఆదివారం తెలిసింది. తప్పు ఈ ఒక్కదానిదా, మొత్తం పనిదా? ఈ ఒక్కదానిదైతే దాన్ని పక్కన పెట్టి ముందుకు పోవాలి. మొత్తానిదైతే ఆగాలి. ఈ ప్రశ్నకి జవాబు కంప్యూటర్‌కి తెలీదు. రాసేవాళ్ళకి తెలియాలి.

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. లూపులూ అవీ కాదు, మనుషుల డబ్బులు ఆగిపోయిన సంగతి. అంతా విని, "ఇచ్చేశారా?" అని అడిగాడు. ఇచ్చేశాం నాన్నా అన్నాను. "అందరికీనా?" "అందరికీ." "సరే, అన్నం తిను" అని పెట్టేశాడు. జామెట్రీ బాక్సు సంగతి ఆయనకి గుర్తుందో లేదో. నేనూ అడగలేదు.

మళ్ళీ శుక్రవారం రాత్రికి

చెల్లితో ఆ రాత్రి పన్నెండు దాటేదాకా మాట్లాడాను. బ్రాంచి మార్పు సంగతి నేను ఎత్తలేదు. ఒక్క ప్రోగ్రామ్ ఆగిపోయిందని నాలుగేళ్ళ చదువు ఆపెయ్యొద్దని క్లాసు పీకొచ్చు. కానీ ఆ ల్యాబ్‌లో నాకు కావాల్సింది క్లాసు కాదు. తప్పు ఏ లైనులో ఉందో ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే చాలనిపించింది అప్పుడు. అందుకే చెల్లికి అదే చేశాను. కోడ్ మాత్రం నేను రాయలేదు. "ఏ లైను కిందికి పోవట్లేదో, ఎందుకు పోవట్లేదో కాగితం మీద రాసుకో, ఐ పక్కన దాని విలువ వేసుకుంటూ పో" అని చెప్పి పెట్టేశాను.

పొద్దున లేచేసరికి ఫోన్‌లో ఇంకో ఫొటో. రాత్రి 12:50కి పంపింది. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు:

1 2 3 4 6 7 8 9 10

కింద ఒక్క మెసేజ్: "అన్నయ్యా, ఇప్పుడు 5 లేదు. 10 దాకా వచ్చింది. బాబాయికి... అదే, మా నాన్నకి ఏం చెప్పకు."